శాసనమునకు చేతులు



విజయవాడ జంక్షనులో పలుదిక్కుల రైలుమార్గములు కలియుచున్నవి. చెన్నపట్టణము పోవు బండియు, కలకత్తా పోవు బండియు, కాజీపేట మీదుగా ఢిల్లీ పోవు బండియు అచ్చట ఆగును. ఇంటినుండి పాఱిపోయిన పిల్లవాడు టిక్కెట్టు కొనడు. ఏ బండి ముందుగా కదలునో ఆ బండి యెక్కును. ఆకలి మిక్కుటమైన చోట దిగును. కనుక ఇట్టి పెద్ద కూడళ్ల ప్లాట్‌ఫారములమీద ఒంటరి పిల్లలు కనబడుట వింత కాదు. అట్టి పిల్లవానిని చూచి జాలిపడని వారు లేరు. ఒక బిస్కట్టు పొట్లమో, పది రూపాయల కాగితమో చేతిలో పెట్టి తమ బండి యెక్కువారే యెక్కువ. వారి దయను నేను తప్పు పట్టను. కాని బండి కదలిన తరువాత ఆ పిల్లవాడు ఎవరివాడు? ఆ రాత్రి అతని ప్రక్కకు మొదట వచ్చి కూర్చుండునది మేలు కోరు మనిషియా, లేక అతనిని హోటలు పనికో, బిచ్చమునకో, అంతకంటె నీచమైన పనికో తీసికొనిపోవు దళారియా? ఈ ప్రశ్నకు సమాధానము కొన్ని గంటలలో తేలిపోవును. ప్రభుత్వము బాలలను రక్షించుచున్నదను మాటకు అర్థమేమని యెవరైన నన్నడిగినచో, ఆ కొన్ని గంటలలో ఎవరు ఏమి చేయవలెనో ముందుగా వ్రాసియుంచి, దానిని చేయుటకు మనుష్యులను నియమించుటయే యని చెప్పుదును.

మన దేశములో నేడు ఈ విషయమున ముఖ్యాధారము 2015 నాటి బాల న్యాయ చట్టము. అది 2016 జనవరి 15వ తేదీనుండి అమలులోనున్నది. 18 ఏండ్లు నిండని ప్రతివారును దాని దృష్టిలో బాలలే. ఇల్లు లేనివారు, బిచ్చమెత్తువారు, పనిలో పెట్టబడినవారు, తల్లిదండ్రులు విడిచిపెట్టినవారు, తప్పిపోయినవారు, ఇంటనే హింసకు లోనైనవారు, ఈడు రాకముందే పెండ్లి చేయబడనున్నవారు, వీరందఱును ‘సంరక్షణము అవసరమైన బాలలు’ అని ఆ చట్టము చెప్పుచున్నది. అట్టి బాలుడు గాని బాలిక గాని కనబడినప్పుడు 24 గంటలలోగా జిల్లాలోని బాలల సంక్షేమ సమితి యెదుట నిలుపవలెను. ప్రయాణమునకు పట్టు కాలము ఇందులో లెక్కకు రాదు.

ఎవరు నిలుపవలెను? ఈ పట్టిక ఓపికతో చదువదగినది. పోలీసువారు నిలుపవచ్చును. కార్మికశాఖ తనిఖీ అధికారి నిలుపవచ్చును. ఆసుపత్రిలోని వైద్యుడు గాని, నర్సు గాని నిలుపవచ్చును. సంఘసేవకుడు నిలుపవచ్చును. ఏ యుద్యోగమును లేని సామాన్య పౌరుడును నిలుపవచ్చును. కట్టకడపట, ఆ బాలుడు తానే పోయి నిలువవచ్చును! ఎనిమిదేండ్ల పిల్లకు ఒక న్యాయపీఠము యొక్క తలుపు తట్టు అధికారమిచ్చుట చిన్న సంగతి కాదు. పిల్లలు పెద్దల సొత్తని తరతరములుగా తలచిన దేశములో ఈ ఒక్క మాట ఎంత దూరము పోవునో ఆలోచింపుడు.

ఇంకను ఒక మాట కలదు. దిక్కులేక యున్నట్లు కనబడు పిల్లను చూచిన వ్యక్తి, ఆ సంగతిని 24 గంటలలోగా పోలీసుఠాణాకు గాని, 1098 అను ఫోనునకు గాని, సంక్షేమ సమితికి గాని, జిల్లా బాలల సంరక్షణ విభాగమునకు గాని తెలుపవలెను. ఇది కోరిక కాదు, విధి. తెలుపకుండుట నేరము. దానికి ఆఱు నెలలవఱకు ఖైదుగాని, పదివేల రూపాయలవఱకు జుల్మానా గాని, రెండును గాని శిక్షగా చెప్పబడినవి. ఈ శిక్ష ఎందఱికి పడినది అని అడిగినచో నాకు జవాబు చెప్పుట కష్టము. కాని చట్టము పౌరుని కేవలము జాలిపడు ప్రేక్షకునిగా విడువలేదనుట స్పష్టము.

ఇక ఆ సమితి యెట్టిది? ప్రతి జిల్లాకును కనీస మొకటి యుండవలెను. ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు. వారిలో ఒక స్త్రీ, బాలల విషయమున నైపుణ్యముగల మఱియొకరు తప్పక యుండవలెను. వీరి పదవీకాలము మూడేండ్లకు మించదు. నెలకు ఇరువది దినములైనను సమావేశము కావలెను. మొదటి తరగతి మేజిస్ట్రేటునకు గల అధికారములు ఈ సమితికి గలవు. న్యాయస్థానమైనను న్యాయస్థానమువలె కనబడరాదని నియమావళి ఆదేశించినది. సభ్యులు ఎత్తయిన వేదికమీద కూర్చుండరాదు. సాక్షి నిలుచు బోను ఉండరాదు. పిల్లకును వారికిని నడుమ అడ్డుకట్ట ఏదియు నుండరాదు. ఏల? అధికారము యొక్క ఎత్తును చూచిన పిల్ల నోరు తెఱవదు. పిల్ల నోరు తెఱవనిచో సమితికి చేయదగిన పనియే లేదు.

పాఱిపోయివచ్చిన పిల్లవాని విషయమున చాలమంది తలచు పరిష్కారము సులభము. ఊరు పేరు కనుగొని, తల్లిదండ్రులను రప్పించి, రెండు మందలింపులు చేసి, వారి చేతిలో పెట్టి పంపవలెను. కొన్ని సందర్భములలో అంతకంటె చేయవలసినది లేదు. పరీక్ష తప్పినందుకు భయపడి బండి యెక్కినవాడు, తల్లి ముఖము చూడగానే బావురుమని యేడ్చి ఇంటికి పోవును. కాని తాగివచ్చి కొట్టు తండ్రినుండి పాఱిపోయిన పిల్లవానిని ఆ తండ్రికే అప్పగించి సంతకము తీసికొనుట రక్షణ కాదు, అప్పగింత మాత్రమే. అందుచేతనే సమితి తొందరపడరాదని శాసనము. మొదట పిల్ల యింటి పరిస్థితులను విచారించుటకు 15 దినములు గడువు. పరిశీలకుడు ఆ యూరికి పోయి, ఇంట ఎవరున్నారు, సంపాదన యేమి, బడిలో ఉపాధ్యాయులేమందురు, ఇరుగుపొరుగువారేమందురు, పిల్ల ఏల వెడలినది అని తెలిసికొని నివేదిక వ్రాయవలెను. పిల్లను మొదట ఎదుట నిలిపిన నాటినుండి నాలుగు నెలలలోగా సమితి తుది యాజ్ఞ ఇయ్యవలెను.

ఆ పిల్ల ఒడిస్సా వాడో, బీహారు వాడో అయినచో చిక్కు మఱియొకటి. భాష రాదు. అతడు చెప్పు ఊరిపేరు మన చెవికి వేఱొకటిగా వినబడును. దుబాసీ కావలెను. తుదకు అతని జిల్లా తెలిసినప్పుడు, తోడు మనుష్యుని ఇచ్చి అచ్చటి సమితికి పంపవలెను. ఆడపిల్లయైనచో తోడు స్త్రీయే కావలెను. దూరపు జిల్లాలోని రెండు సమితులు ఒకదానికొకటి జాబులు వ్రాసికొని, ఒక పిల్లను చేతినుండి చేతికి జాఱకుండ అందించుట ఎంత శ్రమతో కూడిన పనియో, కాగితముమీద వ్రాసిన సూత్రము చదువువారికి తట్టదు.

తుది యాజ్ఞ యెట్లుండవచ్చును? కుటుంబము తగినదైనచో కుటుంబమునకు. తండ్రి లేక, తల్లి కూలికి పోవుచు, పిల్లను చదివింపలేక విడిచినదైనచో, ఇంటనే యుంచి నెలకు కొంత సహాయమిచ్చు పద్ధతి కలదు. కేంద్ర ప్రభుత్వపు ‘మిషన్ వాత్సల్య’ పథకము క్రింద ఈ సహాయము పిల్లకు నెలకు నాలుగువేల రూపాయలు. ఇల్లు లేనివారికి మఱియొక కుటుంబములో పెంపకము. ఏదియు కుదరనప్పుడే బాలల గృహము. సంస్థలో నుంచుట కడపటి మార్గముగా నుండవలెనని చట్టము తన మూలసూత్రములలోనే చెప్పినది. ఇది మంచి సూత్రము. మన దేశములో అంతగా పాటింపబడని సూత్రము గూడ. పేదరికమొక్కటే కారణముగా తల్లియొడినుండి పిల్లను తీసి వసతిగృహములో చేర్చి, దానిని సేవయని పిలుచుట మనకలవాటు. వంద మంచములు గల కట్టడమును ప్రారంభోత్సవమునకు చూపవచ్చును. వంద యిండ్లలో వంద పిల్లలు తల్లి ప్రక్కన నిద్రించుటను ఎవరికి చూపగలము?

పసిబిడ్డల సంగతి వేఱు. పెంచలేమని తల్లిదండ్రులు సమితికి అప్పగించిన బిడ్డ విషయమున, వారు మనసు మార్చుకొనుటకు 60 దినముల వ్యవధి కలదు. దొరికిన బిడ్డ రెండేండ్లలోపు వయసుదైనచో రెండు నెలలు, పైబడినదైనచో నాలుగు నెలలు తల్లిదండ్రులకొఱకు వెదకి, ఆ పిమ్మట గాని దత్తతకు అర్హమని ప్రకటింపరాదు. దత్తత యాజ్ఞ నిచ్చు అధికారము 2022 సెప్టెంబరు 1నుండి కోర్టునుండి జిల్లా మేజిస్ట్రేటునకు, అనగా కలెక్టరునకు, మాఱినది. ఈ గడువులు కొందఱికి విసుగు పుట్టించును. సంతు లేని దంపతులు ఏండ్లతరబడి నిరీక్షించుచుండగా నిబంధనలేల యందురు. వారికి తెలుగుదేశపు కథయే జవాబు. 1999లోను, తిరిగి 2001లోను, లంబాడీ తండాలలోని పేద కుటుంబములనుండి ఆడశిశువులను కొద్దిపాటి సొమ్మునకు కొని విదేశపు దత్తతలకు పంపుచున్నారను ఆరోపణలు ఆంధ్రప్రదేశము నంతటిని కలచినవి. వేచియున్న తల్లి కన్నీరు నిజమే. అంగట పెట్టబడిన బిడ్డ మాత్రము ఏడ్చియు చెప్పుకొనలేదు. ఆ 60 దినములు ఆ బిడ్డ పక్షమున నిలుచు దినములు.

ఇంత యంత్రము ఒక్కసారిగా రాలేదు. పిల్లలకొఱకు ప్రత్యేక శాసనమును మన దేశములో మొట్టమొదట చేసినది చెన్నరాజధాని, 1920లో. కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు ఆ రాజధానిలోనివే. హైదరాబాదు రాష్ట్రములో అట్టి చట్టము 1951లో వచ్చినది. అయితే శాసనముండుట వేఱు, దానికి చేతులుండుట వేఱు. ఈ భేదమును తెలిసికొనుటకు శారదా చట్టముకంటె మంచి పాఠము లేదు.

హరవిలాస శారదా గారి పేర ప్రసిద్ధమైన బాల్యవివాహ నిరోధక చట్టము 1929లో ప్యాసయి, 1930 ఏప్రిలు 1నుండి అమలునకు వచ్చినది. ఆడపిల్లకు 14, మగపిల్లవానికి 18 ఏండ్లు నిండకుండ పెండ్లి చేయుట నేరమని అది విధించినది. దేశమంతయు అట్టుడికినట్లు ఉడికినది. అమలు తేదీ రాకముందే ముహూర్తములు వెదకి పసిపిల్లలకు పెండ్లిండ్లు కావించిన కుటుంబములు లెక్కకు మిక్కిలి. సంస్కర్తలు సంతోషించిరి, సనాతనులు మండిపడిరి. ఆ తరువాత ఏమి జరిగినది? ఏమియు జరుగలేదనియే చెప్పవలెను. ఏలయనగా, పోలీసులు తమంతట తాము కలుగజేసికొను నేరము కాదది. ఎవరో ఒక ప్రైవేటు మనుష్యుడు కోర్టుకుపోయి ఫిర్యాదు చేయవలెను. అట్లు చేసినవానినుండి నూఱు రూపాయలకు మించని పూచీపత్రము కోర్టువారు కోరవచ్చును. ఆ నాటి నూఱు రూపాయలు! పెండ్లి జరిగిన యేడాదిలోపల ఫిర్యాదు రావలెను. ఇంత చేసినను ఆ పెండ్లి చెల్లిన పెండ్లియే. ఇరుగింటి పెండ్లిమీద కోర్టుకెక్కి, పూచీ కట్టి, ఊరందఱి పగను కొనితెచ్చుకొను పౌరుడెవడు? చట్టమునకు నోరున్నది, చేతులు లేవు.

2006లో చేసి 2007 నవంబరు 1నుండి అమలుపఱచిన బాల్యవివాహ నిషేధ చట్టము ఈ లోపమును గుర్తించినది. వయసు మాట కాదు నేను చెప్పునది. వయసు 1978లోనే ఆడపిల్లకు 18, మగపిల్లవానికి 21గా పెరిగినది. మాఱినది వేఱు. పెండ్లి జరుగకుండ ఆపుట తన యుద్యోగముగా గల ఒక అధికారి యేర్పడెను. అతనికి బాల్యవివాహ నిషేధాధికారి యని పేరు. నేరము పోలీసులు వారంటు లేకయే పట్టుకొనదగినదై, బెయిలు హక్కుగా దొరకనిదయ్యెను. జరుగబోవు పెండ్లిని ఆపుమని మేజిస్ట్రేటు ఆజ్ఞ ఇయ్యవచ్చును. సామూహికముగా పెండ్లిండ్లు జరుగు అక్షయతృతీయవంటి దినములలో జిల్లా మేజిస్ట్రేటే నిషేధాధికారిగా భావింపబడునని చట్టములోనే ఆ తిథిపేరు వ్రాసినారు. శాసనము పంచాంగమును చూచి నడువ నేర్చినదన్నమాట! మఱియు, చిన్ననాడు పెండ్లియైన బాలిక తనకు ఈడు వచ్చిన రెండేండ్లలోపల ఆ పెండ్లిని రద్దు చేయుమని కోరవచ్చును. ఇప్పుడును బాల్యవివాహములు జరుగుచునే యున్నవి. తెలుగు జిల్లాలలోను జరుగుచున్నవి. కాని నేడు బడిలోని తోటిపిల్ల ఒక్క ఫోను చేసినచో పందిటిలోనికి అధికారి రాగలడు. 1930లో ఆ ఫోను అందుకొనువారే లేరు.

పనిలోనున్న పిల్లల సంగతి యింతకంటె చిక్కు. 1938లో పిల్లల నియామకమునుగూర్చి ఒక చట్టము, 1986లో మఱియొకటి వచ్చినవి. 1986 చట్టము కొన్ని వృత్తులను ప్రమాదకరములని పేర్కొని, వానిలో మాత్రమే 14 ఏండ్లలోపు పిల్లలను నిషేధించినది. తక్కినచోట్ల గంటలను మాత్రము అదుపు చేసినది. కర్నూలు, మహబూబునగరము జిల్లాల సంకర ప్రత్తివిత్తనపు చేలలో పూవు పూవునకు పుప్పొడి అంటించు పనికి చిన్న ఆడపిల్లలను పెట్టిరి. ఎత్తు మొక్కకు సరిపోవును, వ్రేళ్లు సున్నితము, కూలి తక్కువ! బజారులోని దుకాణమును తనిఖీ చేయు ఇన్‌స్పెక్టరు చేనిలోనికి ఏల వచ్చును?

ఈ చోట తెలుగునేలనుండి వచ్చిన ఒక ఆలోచన దేశమునకు దారి చూపినది. ఆచార్య శాంతా సిన్హాగారు, వారి తాతగారైన మామిడిపూడి వేంకటరంగయ్యగారి పేర 1981లో వెలసిన సంస్థ ద్వారమున, 1991 ప్రాంతమున రంగారెడ్డి జిల్లా గ్రామములలో పని ప్రారంభించిరి. వారి వాదము సూటియైనది. ప్రమాదకరమైన పని, ప్రమాదము లేని పని యను విభజనయే తప్పు. బడిలో లేని ప్రతిపిల్లయు పనిలోనున్న పిల్లయే. పశువుల వెంట పోవునది, చంటివానిని ఎత్తుకొని ఇంట నుండునది, అందఱును. కనుక బాలకార్మికత్వమును తొలగించుటకు ఉపాయము బడియే. పది పన్నెండేండ్లు వచ్చినను అక్షరమెఱుగని పిల్లలను శిబిరములో చేర్చి, ఈడునకు తగిన తరగతిలో కూర్చుండగలుగునట్లు తయారుచేసిరి. 2003లో వారికి రామన్ మెగసెసే పురస్కారము లభించినది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషను ఏర్పడినప్పుడు వారే తొలి అధ్యక్షురాలు.

ఈ వాదమునకు చట్టమునుండి లభించిన బలము రెండు విధములు. 2010 ఏప్రిలు 1నుండి 6 మొదలు 14 ఏండ్లవఱకు ఉచిత నిర్బంధ విద్య హక్కైనది. 2016 సవరణతో 14 ఏండ్లలోపు పిల్లలను ఏ పనిలోను నియమింపరాదనియు, 14 మొదలు 18వఱకు ప్రమాదకరమైన పనులలో నియమింపరాదనియు విధింపబడినది. అయితే ఒక కిటికీ తెఱచియుంచిరి. బడి వేళలు గాని సమయమున కుటుంబపు వృత్తిలో సాయపడవచ్చునట. ప్రత్తిచేను ఎవరిది?  కుటుంబముది. ఈ కిటికీ యుండదగినది కాదని నా యభిప్రాయము.

పనినుండి విడిపించుట కథలో సగము మాత్రమే. 2015 జనవరిలో హైదరాబాదు పాతబస్తీలో పోలీసులు ఇండ్లు సోదాచేసి, చీకటి గదులలో గాజుల పనిచేయుచున్న పిల్లలను రెండువందలమందికి పైగా వెలికి తీసిరి. అత్యధికులు బీహారునుండి తేబడినవారు. వార్తాపత్రికలు ఆ యుదయము చూచినవి. ఆ పిల్లలు తమ ఊరు చేరిన మఱుసటి నెలను చూచుట పత్రికల పని కాదు. అది ప్రభుత్వపు పని. తండ్రి తీసికొనిన బయానా అప్పుగా మిగిలియున్నచో, వేఱొక దళారి వేఱొక బండి యెక్కించును. దీనికొఱకే సుప్రీముకోర్టు 1996లో, శివకాశి పిల్లల వ్యాజ్యమున, పనిలో పెట్టుకొనిన యజమానినుండి పిల్ల యొక్కింటికి ఇరువదివేల రూపాయలు వసూలుచేసి ఆ పిల్ల క్షేమమునకు వినియోగింపుమని తీర్పు చెప్పినది. 2016 సవరణ జిల్లాకొక పునరావాస నిధిని ఏర్పఱచి, విడిపింపబడిన పిల్ల పేర ప్రభుత్వమును పదునైదువేలు జమకట్టవలెనన్నది. ఆ సొమ్ము పిల్లకు ముట్టినదా లేదా యని అడుగుట, విడిపించిన దినమున చప్పట్లు కొట్టుటకంటె ముఖ్యము.

పైన పేర్కొన్న కమిషనుల అధికారమును గూర్చి ఒక మాట. జాతీయ కమిషనుతోపాటు రాష్ట్రములకును కమిషనులు గలవు. సాక్షులను పిలిపింపగలవు, దస్త్రములు తెప్పింపగలవు, బాలల గృహమును తనిఖీ చేయగలవు. కాని శిక్షింపలేవు, ప్రభుత్వమునకు సిఫారసు చేయవలెను, లేదా కోర్టుకు పోవలెను. కమిషనునకు మొఱపెట్టుకొనినచో అన్నియు తీఱునను నమ్మకము కొందఱిలో కలదు. అది కన్ను మాత్రమే. చేతులు జిల్లాలో నున్నవి.

నేరము చేసిన పిల్లల గుఱించి క్లుప్తముగా చెప్పెదను. వారిని లాకప్పులో గాని, జైలులో గాని పెట్టరాదు. 24 గంటలలోగా బాల న్యాయ మండలి యెదుట నిలుపవలెను. ఆ మండలిలో ఒక మేజిస్ట్రేటు, ఇద్దఱు సంఘసేవకులు. వారిలో ఒకరు స్త్రీ. ప్రతి పోలీసుఠాణాలోను బాలల సంక్షేమాధికారిగా ఒక యుద్యోగి యుండవలెను. 16 దాటినవారు ఘోరమైన నేరము చేసినప్పుడు, వారిని పెద్దలవలె విచారింపవచ్చునా యని పరీక్షించు పద్ధతి 2015లో చేర్చబడినది. దానిపై వాదవివాదములు నేటికిని సమసిపోలేదు.

ఇప్పుడు చేదు సంగతి. రక్షణకొఱకు చేర్చిన గోడల లోపలనే పిల్లకు ఆపద కలిగినచో? బీహారులోని ముజఫర్‌పురమున, ప్రభుత్వ ధనముతో ఒక సంస్థ నడుపుచున్న బాలికల ఆశ్రయగృహములో జరిగిన అత్యాచారములు 2018లో బయటపడినవి. బయటపెట్టినది శాఖాధికారి కాదు, పొరుగువారు కాదు. ముంబయిలోని టాటా సాంఘికశాస్త్ర సంస్థవారు రాష్ట్రములోని గృహములన్నిటిని పరిశీలించి వ్రాసిన నివేదిక. పరీక్షకులు గోడలను, పప్పుడబ్బాలను, హాజరుపట్టీని చూచి వెనుదిరుగలేదు, పిల్లలతో మాటలాడిరి. 2020లో ఆ గృహమును నడిపిన ప్రధాన నిందితునికి యావజ్జీవ శిక్ష పడినది. బాలల గృహములన్నియు రిజిష్టరు కావలెననియు, తనిఖీ సంఘములు మూడు నెలలకొకసారియైన సందర్శింపవలెననియు చట్టమున నదివఱకే కలదు. లేనిది పిల్ల చెప్పునది వినుటకు తీరిక. అదే 2018 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు, సమితులలోను, మండలులలోను, కమిషనులలోను ఖాళీలను వెంటనే నింపుడని, గృహములకు సామాజిక తనిఖీలు జరిపింపుడని ప్రభుత్వములను ఆదేశింపవలసి వచ్చినది. ఐదుగురు కూర్చుండవలసిన చోట ఇద్దఱు కూర్చుండినప్పుడు, నాలుగు నెలల గడువు ఎనిమిది నెలలగును. పెద్దలకు ఎనిమిది నెలలు ఎనిమిది నెలలే. నాలుగేండ్ల పిల్లకు అది తన బ్రదుకులో ఆఱవ పాలు.

శ్రోతలలో ఉపాధ్యాయులు, వైద్యులు, అంగన్వాడీ కార్యకర్తలు కొందఱుందురు. వారికి ప్రత్యేకముగా చెప్పవలసినది 2012 నాటి పోక్సో చట్టము. పిల్లపై లైంగిక నేరము జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలుపక తీఱదు. బడి పరువు, కుటుంబపు పరువు అను మాటలు ఇచ్చట సాకులు కానేరవు. పిల్ల వాఙ్మూలమును పిల్ల ఇంటియొద్దనో, పిల్ల కోరిన చోటనో, సాధ్యమైనంతవఱకు మహిళా సబు ఇన్‌స్పెక్టరు, యూనిఫారము లేకుండ వ్రాసికొనవలెను. రాత్రివేళ పిల్లను ఠాణాలో ఉంచరాదు. ఈ నియమములు తెలిసియుండినచో, భయపడు తల్లికి మీరు ధైర్యము చెప్పగలరు.

ఇక 1098. ముంబయిలో 1996లో వీధిబాలలకొఱకు టాటా సాంఘికశాస్త్ర సంస్థ ప్రయోగముగా ఆరంభించిన ఫోను అది. పిల్లలకు గుర్తుండునట్లు పది, తొమ్మిది, ఎనిమిది అని దిగువకు లెక్కపెట్టు అంకెలు. చిరకాలము స్వచ్ఛందసంస్థల చేతులలో నడిచి, 2023లో ప్రభుత్వ శాఖల నిర్వహణలోనికి మాఱి, 112 అను అత్యవసర సంఖ్యతో జోడింపబడినది. రేయింబవళ్లు పనిచేయును, ఖర్చు లేదు. పిల్ల యెక్కడ నున్నది, ప్రక్కన ఎవరున్నారు, గాయమేమైన నున్నదా, ఈ మూడును చెప్పగలిగిన చాలును. పిల్లను మీ యింటికి తీసికొనిపోవలదు. సదుద్దేశముతో చేసినను, రెండు దినములు ఎవరికిని తెలుపక ఇంటనుంచుకొనుట చట్టము మెచ్చదు. వెదకుచున్న తల్లికి ఆ రెండు దినములు దూరమగును.

ఫొటో తీసి సెల్‌ఫోనులలో పదిమందికి పంపుట నేడు చాలమందికి అలవాటైనది. సమితి యెదుటకు పోవలసిన పిల్ల పేరును, చిరునామాను, బడిని, చిత్రమును ప్రకటించుట నిషేధము. ఆఱు నెలలవఱకు ఖైదు, రెండు లక్షలవఱకు జుల్మానా, లేదా రెండును. తల్లిదండ్రుల జాడ తీయుటకు చిత్రము ప్రకటింపక తప్పనప్పుడు, అందుకు కారణమును వ్రాసి అనుమతించు అధికారము సమితికి కలదు. ఆ చిత్రమును వారికే ఇచ్చి, మీ ఫోనులోనిది తుడిచివేయుడు.